అంబలి దాచుకున్న అమ్మాయి

పళ్లెంలో అన్నం ఉంది. పప్పు ఉంది. గుడ్డూ ఉంది. అయినా ఆ పాప బరువు పెరగలేదు. లోపం ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లిన ఓ అంగన్‌వాడీ టీచరుకు... అది తన మాటలోనే కనిపించింది!

ఉదయం తొమ్మిదిన్నర. పాడేరు కొండల మీద మంచు ఇంకా పూర్తిగా విడలేదు. రేకుల కప్పు కింద రెండే గదులు. ఒకదాంట్లో పొయ్యి, బియ్యం బస్తా, గుడ్ల అట్టలు. రెండోదాంట్లో గోడమీద అక్షరమాల, కిందో పెద్ద చాప. చాప మీద పద్దెనిమిది మంది పిల్లలు.

ఆ రోజు తూకం రోజు. ఒక్కొక్కరినీ కాటా మీద నిలబెట్టి అంకెలు రాసుకుంటోంది టీచరమ్మ. చివర్లో ఓ పాప వంతు వచ్చింది. నాలుగేళ్లు నిండాయి. ఎక్కడానికి మొరాయించి, ఆయా చెయ్యి పట్టుకుని, ఎలాగో ఎక్కింది. అంకెలు కాసేపు ఊగి ఒకచోట ఆగాయి.

పది కిలోల ఆరు వందల గ్రాములు!

ఆ వయసు ఆడపిల్ల పదహారు కిలోల దరిదాపుల్లో ఉండాలి. పెరుగుదల చార్టులో చుక్క పెట్టింది టీచరమ్మ. అది పచ్చరంగు పట్టీ దాటి, పసుపు దాటి, అట్టడుగున నారింజ రంగులో పడింది. మూడు నెలలుగా అక్కడే పడుతోంది.

రిజిస్టరు చూస్తే అన్నీ సక్రమంగానే ఉన్నాయి. రోజూ అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు. ఆ పాప పళ్లెంలోకీ అన్నీ వస్తున్నాయి. పొట్టలోకే వెళ్లడంలేదు. నాలుగు మెతుకులు కొరికి చూస్తూ కూర్చుంటుంది. గుడ్డును గౌను జేబులో దాచి ఇంట్లో ఉన్న తమ్ముడికి పట్టుకెళ్తుంది. పాలు చూస్తే మొహం తిప్పేస్తుంది. టీచరమ్మ బుజ్జగించింది. కాకి కథ చెప్పింది. ఓ రోజు ఓపిక నశించి కోప్పడింది కూడా. ఊహూఁ.

‘సంతలో కొనే పొట్లాలకు అలవాటు పడి ఉంటుంది’ అనుకుంది. సాయంత్రం ఫోను సంచిలో వేసుకుని గట్టుమీదుండే ఆ ఇంటికి బయల్దేరింది. అక్కడ తెలిసిన సంగతి వేరు.

ఆ ఒక్క మాట

ఇంట్లో నానమ్మ ఒక్కతే ఉంది. కొడుకూ కోడలూ కాఫీ తోటలో పనికెళ్లారు. పొయ్యి మీద మట్టికుండ. కుండలో చోడి అంబలి. రాత్రే పిండి నానబెట్టి, పులిశాక గంజిలో పోసి ఉడికించి ఉంచింది. చోళ్లంటే రాగులే. ఉత్తరాంధ్రలో అలాగే అంటారు.

“ఇంట్లోనైనా ఏమైనా తింటోందా అవ్వా?” అని అడిగింది టీచరమ్మ.

“ఏటి తింటాది? ఇదివరకు పొద్దున్నే రెండు డొప్పల అంబలి తాగీసి వచ్చేది. ఇప్పుడు వద్దంటాది. అంబలి తాగితే మూతి కంపు కొడతాదట. పిల్లలు నవ్వుతారట.”

“ఎవరన్నారలాగ?”

ముసలామె కాసేపు ఊరుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది.

“నువ్వే అన్నావట టీచరమ్మా.”

టీచరమ్మకు ఆ రోజు గుర్తొచ్చింది. వానాకాలం మొదట్లో ఓ పొద్దున ఆ పాప ఆలస్యంగా వచ్చింది. పై పెదవి మీద బూడిదరంగు చార. ఎండిపోయిన అంబలి. “ఛీ, మళ్లీ అంబలి పూసుకొచ్చావా? వెళ్లి మూతి కడుక్కో” అంది. పిల్లలంతా గొల్లుమన్నారు. అంతే. ఆమె ఆ నిమిషంలోనే మరిచిపోయింది. పాప మరిచిపోలేదు. ఇంట్లో అంబలి మానేసింది. అంగన్‌వాడీ అన్నమేమో ఇంకా అలవాటు కాలేదు. రెంటికీ చెడింది!

నానమ్మ ఆమెను నిందించలేదు. ఆనపకాయ బుర్రలోంచి డొప్పలోకి అంబలి వంచి, తాగమని చేతికిచ్చింది. టీచరమ్మ చూపు ఆ బుర్ర మీదే ఆగిపోయింది.

ఆనపకాయ బుర్ర

ఆమెదీ ఆ కొండల మీది ఊరే. చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలలో చదివింది. నాలుగో తరగతిలో ఉండగా ఒకరోజు తల్లి చూడ్డానికొచ్చింది. కొండ దిగి, గెడ్డ దాటి, ఎండలో నడిచి వచ్చింది. చేతిలో ఎండిన ఆనపకాయ బుర్ర. దాంట్లో కూతురి కోసం అంబలి. మూతికి ఆకు చుట్టి ఉంది.

పక్కనున్న పిల్లలు అడిగారు, “ఎవరే ఆవిడ?” అని.

“మా ఊరి ముసలమ్మ” అంది ఆ అమ్మాయి.

ఆ బుర్రను బాత్‌రూము వెనక్కి తీసుకెళ్లి గుమ్మరించింది. ఖాళీ బుర్ర తిరిగిస్తే ‘బిడ్డ మొత్తం తాగేసింది’ అని తల్లి మురిసిపోయింది. ఆ తల్లి పోయి చాలా ఏళ్లయింది. ఆ సంగతి ఆమెకు చెప్పే అవకాశం ఇక లేదు.

‘అన్నం తినేవాళ్లు నాగరికులు, అంబలి తాగేవాళ్లు మోటువాళ్లు’ అని ఆశ్రమ పాఠశాలలో ఎవరూ పాఠం చెప్పలేదు. అలా చెప్పక్కర్లేదు కూడా. ఓ చూపు, ఓ నవ్వు, ఓ ‘ఛీ’ చాలు. తను నేర్చుకున్నది అదే దారిలో తన ముందున్న పాపకు చేరిపోయింది. ఆ రాత్రి ఆమెకు సరిగ్గా నిద్రపట్టలేదు.

మర్నాడే ఏఎన్‌ఎంను పిలిపించి పాపను చూపించింది. పాదాల్లో వాపు లేదు. జ్వరం లేదు. జబ్బ చుట్టూ కొలిచే టేపు 11.8 సెంటీమీటర్లు చూపింది. 11.5 కన్నా తగ్గితే తీవ్రమైన పోషకాహార లోపం కింద లెక్క. అలాంటి బిడ్డకు ఏ జబ్బు తోడైనా, ఆకలి చచ్చిపోయినా ఆస్పత్రిలో ఉంచాల్సిందే. పాప ఆ గీతకు మూడు మిల్లీమీటర్ల ఇవతల ఉంది. “వారం వారం చూద్దాం. ఏ మాత్రం తగ్గినా వెంటనే తీసుకెళ్లిపోవాలి” అని చెప్పి వెళ్లింది ఏఎన్‌ఎం.

బియ్యం ఎక్కిన కొండలు

ఒకప్పుడు ఆ కొండల్లో అన్నం అంటే పండగ తిండి. పోడులో చోళ్లు, సామలు, కొర్రలు, కందులు కలిపి చల్లేవారు. ఒకటి పోయినా ఇంకొకటి చేతికొచ్చేది. వలిసెల నూనె, అడవి దుంపలు, పనస, చింత, సీతాఫలం, వానలకు పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు... కరవు మరీ ముదిరితే మామిడి టెంకలోని జీడిని నానబెట్టి కాచిన అంబలి. ఏ కాలానికి ఆ తిండి. కొత్త పంట వస్తే ముందు దేవతకు పెట్టి తర్వాతే తినే ‘కొత్తల’ పండుగలు ఆ తిండి చుట్టూనే పుట్టాయి.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలి నెలల్లో అది నిజంగా ప్రాణాలు నిలబెట్టింది. దాన్ని తప్పుపట్టడానికి లేదు. 2023 జనవరి నుంచైతే ఆహార భద్రత చట్టం కింద ఇచ్చే బియ్యానికి ఆ మాత్రం డబ్బూ అక్కర్లేదు. దళ్లు, గట్లు కాఫీ తోటలయ్యాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. కాకపోతే, చోళ్లు దంచే తీరికా పోయింది, పండించే చోటూ తగ్గింది. కుండలోకి బియ్యం వచ్చి కూర్చుంది. దాని పక్కన ఉండాల్సిన పప్పూ ఆకూ నూనే అన్నిరోజులూ రాలేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలు చూస్తే ఆ మార్పు ఎంతటిదో తెలుస్తుంది. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. అంతే బియ్యంలో పది మిల్లీగ్రాముల చుట్టూ! పాలు తాగే అలవాటు లేని ఆ ఇళ్లలో పిల్లల ఎముకలకు తరతరాలుగా అండ ఆ బూడిదరంగు అంబలే. దాన్నే ‘ఛీ’ అన్నాం.

దేశంలో అంగన్‌వాడీలు మొదలైంది 1975 అక్టోబరు 2న, 33 ప్రాజెక్టులతో. ప్రతి ఆవాసానికీ అవి చేరాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013 ఆహార భద్రత చట్టం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు హక్కుగా రాసిచ్చింది. గుడ్డు వచ్చింది, పాలు వచ్చాయి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గిరిజన పిల్లల్లో అయిదేళ్లలోపు ప్రతి పదిమందిలో నలుగురు వయసుకు తగ్గ ఎత్తు లేరు.

సరుకు రావాలి. అది మొదటి మెట్టు. వచ్చిన సరుకు బిడ్డ నోట్లోకి వెళ్లాలి. ఈ రెండో మెట్టు ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఆపిల్ తీసి పనస పెట్టింది

టీచరమ్మ మొదట చేసిన పని చాలా చిన్నది. గోడమీదున్న ‘మంచి ఆహారం’ బొమ్మల పటాన్ని కిందికి దించింది. ఆపిల్, ద్రాక్ష, క్యారెట్, జున్ను ముక్క... ఆ పటంలోని బొమ్మల్లో సగం ఆ పిల్లలు ఎన్నడూ నోట పెట్టనివి. దాన్ని చూస్తూ పెరిగే బిడ్డకు ఏమర్థమవుతుంది? మంచి తిండి ఎక్కడో ఉంది, మనింట్లో లేదు అని. అంతేగా!

పాత క్యాలెండరు వెనక పిల్లలతోనే కొత్త పటం చేయించింది. గుప్పెడు చోళ్లు, సామలు, రాజ్‌మా గింజలు, కందులు, వలిసెలు జిగురుతో అంటించారు. పనస, ఉసిరి, బొప్పాయి, మునగాకు బొమ్మలు గీశారు. ప్రతిదాన్నీ ముందు ఇంటిభాషలో పలికించింది. తర్వాత తెలుగులో. అన్నాళ్లూ ‘తోటకూర’ అంటే నోరెళ్లబెట్టిన పిల్లలు ఇంటిపేరు చెప్పగానే ‘మా పెరట్లో ఉంది’ అంటూ లేచి నిలబడ్డారు.

మర్నాడు పొద్దున పిల్లలు వచ్చేసరికి ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో డొప్ప. అందరూ చూస్తుండగా అంబలి తాగింది.

పాప గుమ్మంలో ఆగి చూసింది. లోపలికొచ్చింది. ఏమీ అనలేదు. ఆ పూట అన్నమూ తినలేదు.

ఒక్కరోజులో జరిగే పని కాదది. ‘ఛీ’ అనడానికి ఒక్క క్షణం చాలు. దాన్ని తుడిచేయడానికి వారాలు పట్టింది.

అంబలి ఒక్కటే చాలదు

అలాగని ఇంటి తిండిలో లోపం లేదనుకుంటే అదీ పొరపాటే. సూపర్‌వైజరమ్మ వచ్చినప్పుడు ఈ సంగతే తేల్చి చెప్పింది. “అంబలి మంచిదే. కానీ నీళ్లలాంటి అంబలితో పిల్ల పొట్ట నిండుతుంది, ఒళ్లు నిండదు.”

నాలుగేళ్ల బిడ్డ పొట్ట ఎంత? దాని నిండా పల్చటి అంబలి పోస్తే ఆకలి చచ్చిపోతుంది, కావలసిన శక్తి మాత్రం రాదు. పెద్దలు రోజుకు లీటర్ల కొద్దీ తాగి సరిపెట్టుకుంటారు. పిల్లలకు అది కుదరదు. వాళ్లకు కొంచెంలోనే ఎక్కువ బలం ఉండాలి. అది కూడా రెండుసార్లు కాదు, రోజుకు నాలుగైదు సార్లు అందాలి.

దీనికి మందు అవ్వలకు తెలిసిందే. చోళ్లను నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసరడం. మొలకెత్తిన గింజలో గంజిపదార్థం విరుగుతుంది. అందుకే ఆ పిండితో కాచిన జావ బంకలా గట్టిపడదు. అదే గిన్నెడు నీళ్లలో ఎక్కువ పిండి కలపొచ్చు. ఇనుము లాంటి ఖనిజాలు ఒంటికి పట్టడమూ తేలికవుతుంది. దాంట్లో బెల్లం, వేయించిన వేరుశనగ పొడి, ఓ చెంచా నూనె కలిపితే... పల్చటి అంబలి కాస్తా బిడ్డ బరువు పెంచే తిండి అవుతుంది.

పొద్దున్నే పాలు లేని టీ పిల్లలకు పట్టించే అలవాటు ఆ ఊళ్లో చాలా ఇళ్లలో ఉంది. టీ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. బదులుగా ఓ ఉసిరికాయ ముక్కో, పప్పులో పిండిన నిమ్మచెక్కో ఆ ఇనుమును లోపలికి లాగుతుంది. ‘టీ మానండి’ అని ఉపన్యాసం ఇస్తే ఎవరూ వినలేదు. ‘టీ పెద్దాళ్లకి, జావ చిన్నాళ్లకి’ అంటే విన్నారు.

ఇంకో భయం కూడా ఉండేది ఊళ్లో. ఇనుము, విటమిన్లు కలిపిన బలవర్ధక బియ్యంలోని గింజలు కొన్ని వేరుగా కనిపిస్తాయి. అవి ‘ప్లాస్టిక్ బియ్యం’ అని ఏరి పారేసేవారు. ఆమె నలుగురి ముందూ ఆ గింజలనే ఉడికించి, మెత్తగా నలిపి, తినిపించి తనూ తింది. అనుమానం ఆ రోజుతో పూర్తిగా పోయిందనలేం. ఏరడం మాత్రం తగ్గింది.

అవ్వల వంట

అంగన్‌వాడీ వంట పట్టిక మార్చే అధికారం టీచరుకు లేదు. అన్నం, పప్పు, గుడ్డు రాసినట్టే వండాలి. కానీ దానికి తోడుగా ఇంటినుంచి వచ్చేదాన్ని ఎవరు కాదంటారు? తల్లుల సమావేశంలో ఆమె ఓ మాటంది. “ఒక్కో ఇంటినుంచి నెలకో మానెడు చోళ్లు. శనివారం ఒక అవ్వ వచ్చి పిల్లలకు తన చేతివంట చూపించాలి. చాలు.”

మొదటి శనివారం ఎవరూ రాలేదు. ఆమెకు చిన్నబోయినట్టయింది.

రెండో శనివారం ఆ పాప నానమ్మ వచ్చింది. నడుముకు కొంగు బిగించి, పొయ్యి ముందు కూర్చుని మొలకెత్తిన చోళ్ల జావ కాచింది. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, ఏ పంట ఏ కొండమీద పండేదో వాళ్ల భాషలో చెప్పింది. పాప తన నానమ్మ పక్కన గర్వంగా కూర్చుంది. అందరి చూపూ నానమ్మ మీదే! ఆ రోజు ఎవరూ నవ్వలేదు. కొందరు ‘ఇంకా కావాలి’ అన్నారు.

పాప కూడా గిన్నె పట్టుకుంది. రెండు గుటకలు తాగింది. ఆగింది. అందరివైపూ చూసింది. మిగతాదీ తాగేసింది.

ఆ తర్వాత అవ్వలకు వంతులు కుదిరాయి. ఒకామె సామల కిచిడీలో మునగాకు వేసింది. ఒకామె ఉడికించిన రాజ్‌మాను మెదిపి, అన్నంలో కలిపి పెట్టింది. మరొకామె వేయించిన వలిసెల పొడి తెచ్చింది. తెల్లన్నం ముట్టని పిల్లలు ఆ పొడి కలిపితే తిన్నారు. నానమ్మ సలహాతోనే ఉడికిన గుడ్డును చిదిమి, వేడి అన్నంలో ఉప్పుతో కలిపి ముద్దలు చేసి పెట్టడం మొదలెట్టింది ఆయా. గుండ్రంగా ఉన్న గుడ్డు జేబులోకి వెళ్తుంది. ముద్దలో కలిసిన గుడ్డు నోట్లోకే వెళ్తుంది కదా! ఇంట్లో ఉన్న తమ్ముడికి రావాల్సిన గుడ్లూ బాలల పొడీ పూర్తిగా చేరేలా చూశాక పాపకు దాచే అవసరమూ తగ్గింది.

అంగన్‌వాడీ వెనక చారెడు నేల ఉంది. తోటకూర, బచ్చలి వేశారు. నీళ్లు పోయడం పిల్లల పని. మొలక కనబడితే పండగే. తను నీళ్లు పోసి పెంచిన ఆకును ‘నేను తినను’ అనే పిల్లలు తక్కువ.

ఈ కొన్ని నెలల్లో టీచరమ్మ నేర్చుకున్నవి బడి పాఠాల కంటే ఎక్కువే. కొత్త రుచిని పిల్ల ఒక్కసారికే ఒప్పుకోదు. ఎనిమిదిసార్లు, పదిసార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే చూపించాలి. ఉమ్మేసినా కోప్పడకూడదు. బలవంతంగా కుక్కకూడదు. ‘ఇది తింటే అది ఇస్తా’ అని లంచం పెట్టకూడదు. పెట్టిందే టీచరూ పక్కన కూర్చుని తినాలి. పెద్దవాళ్లు తినేదాన్నీ, తోటిపిల్లలు తినేదాన్నీ చూసి పిల్లలు నేర్చుకుంటారు. మాటలు విని కాదు. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. ఓపికతో కూడినవి.

అయిదు రూపాయల పొట్లం

వారపు సంతకెళ్లి వచ్చే తండ్రి బిడ్డకు ఏదో ఒకటి తేవాలి. అది ప్రేమ. ఒకప్పుడు బెల్లం ముక్కో, మరమరాల ఉండో తెచ్చేవాడు. ఇప్పుడు తళతళలాడే అయిదు రూపాయల చిప్స్ పొట్లం తెస్తున్నాడు. ఉప్పు, నూనె, గాలి... ఆ కాస్తతోనే పిల్లకు ఆకలి చచ్చిపోతుంది.

‘కొనొద్దు’ అని ఆమె ఏ తండ్రినీ అడగలేదు. కూలి డబ్బుల్లోంచి బిడ్డ కోసం తెచ్చిన పొట్లాన్ని తప్పంటే మనసు చివుక్కుమంటుందని ఆమెకు తెలుసు. మాట జారితే ఏమవుతుందో ఒకసారి చూసింది. అందుకే ఖాళీ పొట్లాలన్నీ ఏరి దండ గుచ్చి గుమ్మానికి కట్టింది. నెల తిరిగేసరికి ఊరు ఎంత డబ్బు తగలేసిందో దండ పొడవే చెప్పింది! దాని కింద ఓ బుట్ట పెట్టింది. బుట్టలో ఉడికించిన చిలగడదుంపలు, కాల్చిన పనసగింజలు, వేరుశనగలు, కాలాన్నిబట్టి సీతాఫలాలు. పిల్లలు ఇంటికెళ్లేటప్పుడు గుప్పెడు తీసుకోవచ్చు.

పొట్లాలు పూర్తిగా మాయం కాలేదు. దండ మాత్రం నెలనెలకూ పొట్టిదైంది.

అక్కడా ఇదే కథ

ఇది ఆ కొండలకే పరిమితమైన గొడవ కాదు. తెలంగాణలో ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం ఐటీడీఏల పరిధిలో ‘గిరి పోషణ’ పేరుతో ఇక్రిశాట్ తోడ్పాటుతో జొన్నలు, చిరుధాన్యాలు, పల్లీలతో చేసిన తిండిని అంగన్‌వాడీ పిల్లలకు అందించారు. జొన్న గటక తిని పెరిగిన గోండు ఇళ్లకు ఆ రుచి పరాయిది కాదు. ఉట్నూరు ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలకు ఇప్పుడు పట్నాల్లోనూ గిరాకీ ఉంది. సారా కోసమే అని చిన్నచూపు చూసిన పువ్వది!

సముద్రాలకు ఆవల కెనడాలోనూ ఆదివాసీ పిల్లలది ఇలాంటి చరిత్రే. ఇంటికి దూరంగా వసతి బడుల్లో పెట్టి వాళ్ల తిండినీ భాషనూ మాన్పించారు. 1948-52 మధ్య అలాంటి ఆరు బడుల్లో అర్ధాకలితో ఉన్న పిల్లల మీద, వాళ్లకు చెప్పకుండా, పోషకాహార ప్రయోగాలు కూడా చేశారు. ఆ సంగతి 2013లో ఓ చరిత్రకారుడి పరిశోధనతో లోకానికి తెలిసింది. 2007లో అదే దేశ ప్రభుత్వం ఆదివాసీల కోసం ప్రత్యేకంగా ఆహార మార్గదర్శిని అచ్చువేసింది. అందులో వేటమాంసం, చేపలు, అడవి పళ్లకు చోటిచ్చింది. ‘మీ తాతల తిండి మంచిదే’ అని చెప్పడానికి అంతకాలం పట్టింది.

పసుపు పట్టీ దాకా

ఆరు నెలలు గడిచాయి. మళ్లీ తూకం రోజు. పాప ఈసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనే ఎక్కింది. అంకెలు ఊగి ఆగాయి.

పన్నెండు కిలోల వంద గ్రాములు.

టీచరమ్మ చార్టులో చుక్క పెట్టింది. నారింజ దాటింది. పసుపులో పడింది. పచ్చరంగు ఇంకా పైనే ఉంది. మధ్యలో ఓ నెల విరేచనాలు పట్టుకుని, ఎక్కిన బరువులో సగం దిగిపోయింది. ఆ నెల ఆమె గుండె గుప్పెట్లో పెట్టుకుని గడిపింది. మళ్లీ కోలుకుంది. నులిపురుగుల మాత్ర, మరగబెట్టిన నీళ్లు, తినేముందు సబ్బుతో చేతులు... ఇవి లేకపోతే ఎంత మంచి తిండైనా చిల్లుకుండలో నీళ్లే. ఆ పాఠమూ ఆ నెలలోనే బాగా తలకెక్కింది.

పచ్చరంగు చేరడానికి ఇంకో ఏడాది పట్టొచ్చు. ఎత్తులో పోగొట్టుకున్నది మొత్తం తిరిగి రాకపోవచ్చు. అది ఆమెకు తెలుసు. ఫోనులో అంకెలు నమోదుచేయడానికి సిగ్నల్ కోసం గట్టెక్కుతుంటే వెనక నుంచి చిన్న అడుగుల చప్పుడు.

పాప. చేతిలో నానమ్మ ఇచ్చి పంపిన చిన్న ఆనపకాయ బుర్ర. మూతికి ఆకు చుట్టి ఉంది.

“నీకే” అంది, ఇంటిభాషలో.

టీచరమ్మ గట్టుమీదే కూర్చుంది. ఆకు తీసింది. బుర్ర ఎత్తి చివరిచుక్క దాకా తాగింది. పాప ఆమె మొహం వంక చూసి కిలకిలా నవ్వింది. పై పెదవి మీద వేలు పెట్టి చూపించింది.

అక్కడ బూడిదరంగు చార. టీచరమ్మ దాన్ని తుడుచుకోలేదు. పాప చెయ్యి పట్టుకుని అలాగే కిందికి దిగి, పిల్లల మధ్యకు వెళ్లింది.